మాస్టోడాన్‌లో చేరుతున్నారా? ముందు సర్వర్ సంగతి చూడండి

మాస్టోడాన్‌లో ఖాతా తెరవగానే ఎదురయ్యే ప్రశ్న: ఏ సర్వర్? యూజెన్ రోచ్కో 2016లో జర్మనీలో ప్రారంభించిన ఈ సామాజిక మాధ్యమానికి ఒకే యజమాని అంటూ లేరు. వేలాది సర్వర్లను వ్యక్తులు, సంస్థలు విడివిడిగా నడుపుతున్నారు. ఈ-మెయిల్‌లాగే, ఒక సర్వర్‌లో ఉన్నవారు మరో సర్వర్‌లోని వారితో మాట్లాడవచ్చు. ‘యాక్టివిటీపబ్’ అనే ఉమ్మడి ప్రమాణం వీటిని కలుపుతుంది.

మరి ఎంపికతో పనేమిటి? నియమాలు ఒక్కో సర్వర్‌కు ఒక్కోలా ఉంటాయి. నచ్చని సర్వర్లతో నిర్వాహకులు సంబంధం తెంచుకోగలరు. ప్రైవేట్ సందేశాలు కూడా వారికి కనిపించే వీలుంది.

అసలు చిక్కు, సర్వర్ ఆగిపోయినప్పుడు. 2024 ఫిబ్రవరిలో అఫ్గానిస్థాన్ అధికారులు డొమైన్‌ను నిలిపివేయడంతో ‘క్వీర్ డాట్ ఏఎఫ్’ సర్వర్ చిరునామా పనిచేయకుండా పోయింది. మామూలుగా ఖాతా మార్చుకుంటే అనుచరులు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. పాత సర్వర్ హఠాత్తుగా ఆగిపోతే అనుచరులనూ తరలించలేం.

అందుకే మాస్టోడాన్ అధికారిక జాబితాలోని సర్వర్లను ముందు పరిశీలించండి. రోజూ బ్యాకప్ తీస్తామని, మూసేముందు కనీసం 3 నెలల ముందే చెబుతామని అవి హామీ ఇస్తాయి. నిర్వాహకులెవరో, ఖర్చు ఎవరు భరిస్తున్నారో చదవండి. చేరాక, మీ సమాచారాన్ని అప్పుడప్పుడు డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.