ఫోన్‌లో మిగిలిపోయిన నేస్తం

పొద్దున్నే ఫోన్ తీస్తారు. ఈరోజు మీ స్నేహితుడి పుట్టినరోజని ఫేస్‌బుక్ గుర్తుచేస్తుంది. అతను పోయి ఎనిమిది నెలలైంది. చేతిలో కాఫీ చల్లారిపోతుంది. ఇలాంటి ఉదయం మీకూ ఎదురైందా? ఆ బాధను కొట్టిపారేయకండి.

ఇంట్లో మనిషి పోతే పెద్దకర్మ దాకా బంధువులు వస్తారు, పలకరిస్తారు. స్నేహితుడు పోతే? చివరిచూపు చూసొచ్చి మర్నాడు ఆఫీసుకు వెళ్లాల్సిందే. 'నీకేమవుతాడు?' అంటే ఏం చెబుతాం? లోకం గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే పుస్తకం తెచ్చారు. పలకరించేవారు లేకే చాలామంది ఆ బాధను ఫేస్‌బుక్‌లోనో, పాత వాట్సప్ గ్రూపులోనో చెప్పుకొంటారు. అందులో తప్పు లేదు.

మేలెంత? కీడెంత?

పోయినవారిని మరిచిపోతేనే కోలుకున్నట్టని ఒకప్పుడు అనుకునేవారు. వారితో అనుబంధం మరో రూపంలో కొనసాగడం సహజమేనని ఇప్పుడు మానసిక నిపుణులు చెబుతున్నారు. హాస్టల్ రోజుల ఫొటో ఒకటి పెడితే, తెలిసినవాళ్లంతా తలో జ్ఞాపకం చెబితే, బాధ పంచుకున్నట్టే. అదే అర్ధరాత్రి ఒంటరిగా పాత వాయిస్ మెసేజ్‌లు పదేపదే వింటూ నిద్ర పోగొట్టుకుంటుంటే జాగ్రత్తపడాలి. ఫోన్ పక్కన పెట్టాక మనసు తేలికపడిందా, ఇంకా బరువెక్కిందా? మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.

ఇవి గుర్తుంచుకోండి

* కుటుంబసభ్యులు చెప్పేదాకా మరణవార్త పోస్టు చేయొద్దు. ప్రమాదం, ఆసుపత్రి ఫొటోలు అసలే వద్దు.
* మరణానికి ఆధారం చూపి కోరితే ఫేస్‌బుక్ ఆ ఖాతాను స్మారకంగా మారుస్తుంది. పుట్టినరోజు గుర్తుచేయడం ఆగిపోతుంది. అయితే ఆ తర్వాత ఇంట్లోవాళ్లు కూడా అందులోకి లాగిన్ కాలేరు. కాబట్టి వారిని అడగకుండా ఈ పని చేయకండి.
* ఫేస్‌బుక్ 'మెమరీస్' సెట్టింగ్స్‌లో కొందరు వ్యక్తులు, కొన్ని తేదీలు కనిపించకుండా చేసుకోవచ్చు. మనసు కుదుటపడ్డాక తిరిగి మార్చుకోవచ్చు.
* దాచుకోవాలనుకున్న ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లను విడిగా భద్రపరచండి. ఫోన్ మార్చినప్పుడు అవీ పోతే మళ్లీ మొదటి రోజు బాధే.
* మీ పిల్లల స్నేహితులెవరైనా చనిపోతే, 'చదువు మీద దృష్టి పెట్టు' అంటూ ఫోన్ లాక్కోవద్దు. పక్కన కూర్చుని, ఆ ఫొటోలు మీరూ చూడండి. ఆ నేస్తం గురించి అడగండి.

సాయం ఎప్పుడు?

దుఃఖానికి గడువు లేదు. కానీ ఆరు నెలలు దాటినా తీవ్రత తగ్గక, ఉద్యోగం, చదువు, ఇంటిపనులు సాగకపోతే మానసిక వైద్యుల్ని కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

మీరు పెట్టే పోస్టు మీ నేస్తం వాళ్లమ్మ చూడకపోవచ్చు. ఆవిడకు ఫేస్‌బుక్ లేకపోవచ్చు. వచ్చే పుట్టినరోజుకి మీ దగ్గరున్న నాలుగు ఫొటోలు ప్రింటు తీయించి, వాళ్లింటికి వెళ్లండి. ఆవిడ ఎప్పుడూ చూడని కొడుకు నవ్వు వాటిలో ఒకటైనా ఉంటుంది.