48 టీబీ కొంటే నిశ్చింతగా వాడుకునేది 10 టీబీనే! సెఫ్ క్లస్టర్‌లో ఖాళీ లెక్క ఇదీ

ఫోన్‌లో స్టోరేజ్ 95 శాతం నిండితే ఏం చేస్తాం? వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలు, ఒకటే సీన్‌ని నాలుగుసార్లు తీసిన ఫొటోలు డిలీట్ చేసి ఇంకో నెల నెట్టుకొస్తాం. ఫోన్ కాస్త నెమ్మదిస్తుంది, అంతకు మించి కొంప మునిగేదేం లేదు. అదే 95 శాతం కంపెనీలు వాడే స్టోరేజ్ క్లస్టర్‌లో వస్తే కథ వేరు. డజన్ డిస్కుల్లో ఒక్కటి ఆ గీత దాటినా చాలు, కొత్త డేటా రాయడం ఆగిపోతుంది. దాని మీద నడిచే సర్వర్లు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి.

ఈ సైట్‌లో మీరు ఎక్కువగా 256 జీబీ ఫోన్లు, 1 టీబీ ఎస్‌ఎస్‌డీల గురించి చదువుతుంటారు. నా ఉద్యోగం వాటికి అవతలి వైపు, అంటే యాప్‌లు తమ డేటా దాచుకునే చోట. నేను రోజూ చూసేది సెఫ్ అనే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ స్టోరేజ్. ఈ మధ్య హోమ్ ల్యాబ్ పేరుతో మినీ పీసీలు కొనేవాళ్లు కూడా "సెఫ్ పెట్టేస్తే డిస్క్ పోయినా భయం లేదు కదా?" అని అడుగుతున్నారు. భయం లేదు, నిజమే. కానీ ఒక షరతు ఉంది. ఆ షరతేంటో లెక్కతో సహా చూద్దాం.

అసలు సెఫ్ అంటే ఏంటి?

పాత పద్ధతి స్టోరేజ్‌లో తెలివంతా ఖరీదైన బాక్స్‌లో, దాని కంట్రోలర్‌లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ స్టోరేజ్‌లో ఆ తెలివి సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. మామూలు సర్వర్లు, మామూలు డిస్కులు, పైన లైనక్స్. వాటన్నిటినీ కలిపి ఒకే పెద్ద స్టోరేజ్‌లా చూపించే పని సాఫ్ట్‌వేర్‌దే.

సెఫ్‌ని సేజ్ వైల్ అనే ఆయన శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ మొదలుపెట్టాడు. 2006లో దాని మీద రీసెర్చ్ పేపర్ వచ్చింది. తర్వాత ఇంక్‌ట్యాంక్ అనే కంపెనీ పెట్టారు, దాన్ని 2014లో రెడ్ హ్యాట్ కొనేసింది. సాఫ్ట్‌వేర్ మాత్రం మొదటి నుంచీ ఓపెన్ సోర్సే. జెనీవా దగ్గర కణాల్ని ఢీకొట్టించి ప్రయోగాలు చేసే సెర్న్ కూడా దీన్ని వాడుతోంది.

ఇంకో సరదా విషయం. ఆండ్రాయిడ్‌కి ఒకప్పుడు అక్షరక్రమంలో స్వీట్ల పేర్లు పెట్టినట్టు, సెఫ్ వెర్షన్లకి సముద్రాన్ని గుర్తుచేసే పేర్లు పెడతారు. 2019లో నాటిలస్, 2020లో ఆక్టోపస్, 2023లో రీఫ్, 2024లో స్క్విడ్. సెఫ్ అన్న పేరే సెఫలోపాడ్ నుంచి వచ్చింది, అంటే ఆక్టోపస్ కుటుంబం.

పని చేసే తీరు సింపుల్‌గా చెప్పాలంటే: ఒక్కో డిస్క్‌కి ఒక్కో ఓఎస్‌డీ అనే ప్రోగ్రామ్ కాపలా ఉంటుంది. వర్చువల్ మెషీన్ డిస్క్‌ని సెఫ్ మామూలుగా 4 ఎంబీ ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్కకీ మూడు కాపీలు, మూడు వేర్వేరు సర్వర్లలో. ఏ ముక్క ఎక్కడుందో రాసిపెట్టుకునే పెద్ద పుస్తకమేదీ ఉండదు. క్రష్ అనే అల్గారిథమ్ అడిగిన ప్రతిసారీ లెక్కగట్టి చెప్పేస్తుంది. ఎవరు బతికున్నారు, ఎవరు లేరు అన్నది మానిటర్లు చూసుకుంటాయి. వాటిలో మెజారిటీ ఒప్పుకుంటేనే ఏ నిర్ణయమైనా. అందుకే మూడో, ఐదో పెడతారు.

డిస్క్ చనిపోతే డీఫాల్ట్‌గా 10 నిమిషాలు ఆగుతుంది. అప్పటికీ తిరిగి రాకపోతే "ఇక ఇది లేనట్టే" అని తీర్మానించి, పోయిన కాపీల్ని మిగతా డిస్కుల మీద మళ్లీ తయారుచేస్తుంది. ఎవరూ నిద్ర లేవక్కర్లేదు. మనం చెప్పుకున్న షరతు ఇక్కడే ఉంది: మళ్లీ తయారుచేయాలంటే వాటిని పెట్టడానికి చోటుండాలి.

బస్సుల లెక్క

చిన్న కంపెనీల్లో ఎక్కువగా కనిపించే సెటప్ తీసుకుందాం. మూడు సర్వర్లు, ఒక్కోదాంట్లో 4 టీబీ డిస్కులు నాలుగు. మొత్తం 48 టీబీ. మూడు కాపీలు కాబట్టి 16 టీబీ. ఇక్కడివరకూ అందరికీ తెలుసు, కొటేషన్‌లోనూ ఇదే రాస్తారు.

ఇప్పుడు సెఫ్‌లో ఉన్న మూడు గీతలు చూడండి. డీఫాల్ట్‌గా ఏ డిస్కైనా 85 శాతం దాటితే వార్నింగ్ వస్తుంది. 90 దాటితే ఆ డిస్క్ మీదకి రికవరీ కాపీలు తీసుకోదు. 95 దాటితే రాతలు బంద్.

ఒక డిస్క్ పోయిందనుకోండి. మూడు కాపీలు మూడు వేర్వేరు సర్వర్లలోనే ఉండాలన్నది రూల్. ఉన్నవే మూడు సర్వర్లు. అంటే పోయిన డిస్క్‌లోని డేటా వేరే సర్వర్‌కి పోలేదు, అదే సర్వర్‌లో మిగిలిన మూడు డిస్కుల్లోనే సర్దుకోవాలి. ఒకే రూట్‌లో నాలుగు ఆర్టీసీ బస్సులు వెళ్తున్నాయి, ఒకటి బ్రేక్‌డౌన్ అయింది, ఆ జనమంతా మిగతా మూడింట్లో ఎక్కాలి. పక్క ఊరి డిపోలో బస్సులు ఖాళీగా ఉన్నా లాభం లేదు.

నాలుగు బస్సులూ 70 శాతం నిండి ఉంటే? 70 ఇంటూ 4, బై 3. అంటే 93 శాతం పైనే. 90 గీత దాటేసింది, రికవరీ మధ్యలో ఆగిపోతుంది. డిస్క్ పోయిన తర్వాత కూడా 85 లోపే ఉండాలంటే ఇప్పుడు 63.75 శాతానికి మించకూడదు. 16 టీబీలో అది 10.2 టీబీ. పైగా డిస్కులన్నీ సమానంగా నిండవు. సగటు 60 ఉంటే ఏదో ఒకటి 66 దగ్గర ఉంటుంది. గీత దాటిందా లేదా అనేది ఆ ఎక్కువ నిండిన డిస్క్‌ని బట్టే. అందుకే నా రెడ్ మార్క్ 60 శాతం.

అదే సర్వర్‌కి రెండు పెద్ద డిస్కులే పెడితే? ఒకటి పోతే రెండోది మొత్తం మోయాలి. అప్పుడు 42.5 శాతం దగ్గరే ఆగాలి. కాబట్టి ఒకే కెపాసిటీకి రెండు పెద్ద డిస్కుల కంటే నాలుగైదు చిన్నవి మేలు.

గ్రీన్ లైట్ చెప్పని సంగతి

ఇది కాగితం మీది లెక్క కాదు. మేం మెయింటెనెన్స్‌కి తీసుకున్న ఒక క్లస్టర్ సరిగ్గా ఇదే సైజు. మా చేతికొచ్చేసరికే 72 శాతం నిండి ఉంది. స్టేటస్ చూస్తే హెల్త్ ఓకే, డ్యాష్‌బోర్డ్ పచ్చగా మెరుస్తోంది. నేను 72 ఇంటూ 4 బై 3 వేసి, 96 వస్తోందని, ఇంకో సర్వర్ కావాలని మెయిల్ పెట్టాను. "అంతా గ్రీన్‌లోనే ఉంది కదా, ఇంకా 28 శాతం ఖాళీ కనిపిస్తోంది కదా, వచ్చే క్వార్టర్‌లో చూద్దాం" అని జవాబు వచ్చింది.

క్వార్టర్ పూర్తికాకముందే ఒక శనివారం మధ్యాహ్నం డిస్క్ ఒకటి పోయింది. పది నిమిషాలకి రికవరీ మొదలైంది. మిగతా మూడు డిస్కులూ 72 నుంచి 90 దాకా నిండాయి, అక్కడ ఆగిపోయాయి. పోయిన కాపీల్లో ముప్పావు వంతు తిరిగొచ్చాయి. మిగతా పావు వంతుకి రెండే కాపీలు. ఆ స్థితిలో వేరే సర్వర్‌లో ఇంకో డిస్క్ పోతే కొన్ని ముక్కలకి ఒక్క కాపీయే మిగులుతుంది. సెఫ్ సాధారణ సెట్టింగ్‌లో రెండు కాపీలైనా లేకపోతే ఆ డేటాని ముట్టుకోనివ్వదు. ఆ ఒక్కటీ పోతే ఇక చెప్పేదేం లేదు. నెలాఖరు రోజులు, ఆ కంపెనీ అకౌంట్స్ మొత్తం దాని మీదే ఉన్నాయి.

పులి మీద పుట్రలా ఇంకోటి. రాత్రి 11కి నడిచే బ్యాకప్ కూడా అదే క్లస్టర్‌లోకి రాస్తోంది. 90 నుంచి 95కి మిగిలింది డిస్క్‌కి 200 జీబీ మాత్రమే. అందుకే ముందు ఆ బ్యాకప్‌ని బయటి హార్డ్ డిస్క్‌కి మళ్లించాం. తర్వాత ఫోన్ల మీద ఫోన్లు చేసి, ఎవరి టెస్ట్ మెషీన్లు, ఎవరి పాత స్నాప్‌షాట్లు తీసేయొచ్చో ఒక్కొక్కరి దగ్గర మెయిల్‌లో ఒప్పుకోలు తీసుకుని డిలీట్ చేశాం. స్నాప్‌షాట్ డిలీట్ కొట్టగానే ఖాళీ రాదు, వెనకాల మెల్లగా తుడుచుకుంటూ పోతుంది. ఆదివారం ఉదయానికి 86కి దిగాక ఆగిన రికవరీ మళ్లీ కదిలింది. సోమవారం కొత్త డిస్క్ వచ్చింది. డేటా ఏమీ పోలేదు. నాలుగో సర్వర్‌కి ఆర్డర్ కూడా ఆ వారమే వెళ్లింది.

నిండుకుండ తొణకదంటారు. స్టోరేజ్ క్లస్టర్‌లో మాత్రం ముందు పగిలేది నిండుకుండే. హెల్త్ ఓకే అంటే ఈ క్షణంలో అంతా బాగుందని అర్థం. తర్వాతి డిస్క్ పోతే తట్టుకుంటుందా అన్న ప్రశ్నకి ఆ గ్రీన్ లైట్ జవాబివ్వదు. ఆ లెక్క మనిషే వెయ్యాలి.

మెయింటెనెన్స్‌లో నేను చూసేవి

1. డిస్కుల వారీగా ఎంత నిండింది: మొత్తం శాతం కాదు, అన్నిటికంటే ఎక్కువ నిండిన డిస్క్ ఏది, అది ఏ సర్వర్‌లో ఉంది అన్నది. సెఫ్‌లో బ్యాలెన్సర్ ఉంటుంది, ఆన్‌లో ఉందో లేదో చూడండి.

2. నోఅవుట్ ఫ్లాగ్: సర్వర్ రీబూట్ చేసేముందు ఇది పెడితే, ఆ పది నిమిషాల లెక్క ఆగుతుంది. లేకపోతే చిన్న రీబూట్ ఆలస్యమైనా అనవసరంగా టీబీల కొద్దీ డేటా కదులుతుంది. పని అవ్వగానే తీసేయడం మరింత ముఖ్యం. ఫ్లాగ్ ఉండగా డిస్క్ పోతే దానంతట అది కోలుకోవడం కూడా ఆగిపోతుంది.

3. ఒక్కోసారి ఒక్కటే: అప్‌డేట్ అయినా రీబూట్ అయినా ఒక సర్వర్ పూర్తయి, అన్నీ యాక్టివ్ ప్లస్ క్లీన్ అని వచ్చాకే రెండోది. ఈ పనిలో సగం నైపుణ్యం ఏమీ ముట్టుకోకుండా కూర్చోవడమే.

4. స్క్రబ్: సెఫ్ రోజుకోసారి పైపైన, వారానికోసారి లోతుగా తన డేటా తనే చదివి సరిచూసుకుంటుంది. స్లో అవుతోందని దీన్ని ఆఫ్ చేసేవాళ్లున్నారు. చెయ్యకండి. మూగగా చెడిపోయిన కాపీని పట్టించేది ఇదే. కావాలంటే రాత్రివేళకి టైమ్ మార్చుకోండి.

5. బ్యాకప్: మూడు కాపీలు బ్యాకప్ కాదు. మీరు పొరపాటున ఫైల్ డిలీట్ చేస్తే సెఫ్ మూడు చోట్లా నమ్మకంగా డిలీట్ చేస్తుంది. బ్యాకప్ వేరే పెట్టెలో ఉండాలి.

ఇంట్లో పెట్టుకోవచ్చా?

నేర్చుకోవడానికైతే నిక్షేపంగా పెట్టుకోండి. ప్రాక్స్‌మాక్స్‌లో సెఫ్ కలిసే వస్తుంది, మూడు మినీ పీసీలు చాలు. ఒక్కో ఓఎస్‌డీకి 4 జీబీ ర్యామ్ లెక్కేసుకోండి. పీసీకి ఒక్క డిస్కే ఉంటే, అది పోయినప్పుడు కోలుకోవడానికి చోటే లేదు. కొత్తది పెట్టేదాకా రెండు కాపీలతోనే నడవాలి.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు బాక్స్ మీది స్పీడ్ చూసి మోసపోకండి. సెఫ్ ప్రతి రాతకీ "నిజంగా పడిందా?" అని డిస్క్‌ని గట్టిగా అడుగుతుంది. కరెంటు పోయినా డేటాని కాపాడే కెపాసిటర్లు ఉన్న ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలు వెంటనే జవాబిస్తాయి. అవి లేని మామూలు గేమింగ్ ఎస్‌ఎస్‌డీలు ఇక్కడ చతికిలబడతాయి. నెట్‌వర్క్ 1 గిగాబిట్ అయితే 1 టీబీ రికవరీకి ఆ లైన్ మొత్తం ఇచ్చేసినా రెండున్నర గంటలు పడుతుంది. కనీసం 2.5 గిగాబిట్, వీలైతే 10 చూడండి. యూపీఎస్ తప్పనిసరి.

ఫ్యామిలీ ఫొటోలు, సినిమాలు దాచుకోవడమే పనైతే సెఫ్ వద్దు. రెండు డిస్కుల నాస్, పక్కన ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ బ్యాకప్, అంతే. ఆఫీసు కోసం కొంటుంటే మాత్రం మూడుకి బదులు నాలుగు సర్వర్లతో మొదలుపెట్టండి. అప్పుడు ఒక సర్వర్ మొత్తం పోయినా మిగతా మూడింట్లో కాపీలు తిరిగి తయారవుతాయి, అదీ 60 శాతం లోపు ఉంటేనే. కొటేషన్ తెచ్చినవాళ్లని "మూడు కాపీల తర్వాత ఎంత?" అని అడిగి ఆగిపోకండి. "ఒకటి పోయాక 85 లోపు ఉండాలంటే ఎంత?" అని అడగండి. ఆ రెండో నంబర్‌కే డబ్బులు కట్టండి.