క్షేత్ర ప్రయోగ గణాంకాల పరిరక్షణ: హార్డ్ డిస్క్ వైఫల్య నిర్ధారణ, పునఃస్థాపన నిర్ణయం

వ్యవసాయ పరిశోధనలో గడచిన పంటకాలాన్ని తిరిగి తెచ్చుకోవడం సాధ్యం కాదు. ఒక మడి దిగుబడి లోపించినప్పుడు దానిని అంచనా కట్టే గణాంక పద్ధతిని యేట్స్ 1933లోనే వివరించారు. కాని ఒక సంవత్సరపు గణాంకాలు మొత్తంగా పోయినప్పుడు పూరించగల సూత్రం ఏదీ లేదు. నేడు ఈ గణాంకాలలో అధిక భాగం కంప్యూటర్ హార్డ్ డిస్కులలోనే ఉంటున్నందున, డిస్కు వైఫల్యాన్ని సకాలంలో గుర్తించి, సరైన క్రమంలో స్పందించే విధానాన్ని ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఒక అనుభవం

మా విభాగంలో వేరుశనగ నీటి యాజమాన్య ప్రయోగానికి చెందిన మూడేళ్ల గణాంకాలు ఒకే కంప్యూటర్‌లో ఉండేవి. మూడవ రబీ కోతల అనంతరం ఆ కంప్యూటర్ ప్రారంభం కావడానికి పది నిమిషాలకు పైగా పట్టసాగింది. ఫైళ్లు తెరవబోతే తెర స్తంభించేది. ఇది వైరస్ ప్రభావం కావచ్చునని, విండోస్‌ను తిరిగి స్థాపిస్తే సరిపోతుందని సాంకేతిక సహాయకుడు సూచించగా నేను అంగీకరించాను. స్థాపన మధ్యలో ఆగిపోయింది. ఆ తరువాత డిస్కును కంప్యూటర్ గుర్తించనే లేదు. దిగుబడి వివరాలను క్షేత్ర పుస్తకాల నుండి తిరిగి నమోదు చేసుకోగలిగాము. నేల తేమ కొలతలు మాత్రం పరికరం నుండి నేరుగా కంప్యూటర్‌కు చేరినవి కావడంతో పూర్తిగా పోయాయి. వాటిపై ఆధారపడిన పరిశోధక విద్యార్థి మరొక రబీ వరకు ఆగవలసి వచ్చింది. నిర్ధారణకు ముందే చికిత్స మొదలుపెట్టడం మేము చేసిన తప్పు.

లక్షణాలు, కారణాలు

సున్నపు నేలల్లో వేరుశనగ లేత ఆకులు పసుపు రంగుకు మారడానికి తరచుగా ఇనుపధాతు లోపం కారణమవుతుంది. అక్కడ యూరియా వేసినందువల్ల ప్రయోజనం ఉండదు. కంప్యూటర్ మందగించడం కూడా ఇటువంటి లక్షణమే. ఒక్క ప్రోగ్రాం మాత్రమే మొరాయించడం, డిస్కులో ఖాళీ స్థలం తగ్గిపోవడం, ఇటీవలి అప్‌డేట్ తరువాత సమస్య మొదలవడం వంటివి సాధారణంగా సాఫ్ట్‌వేర్ లోపాన్ని సూచిస్తాయి. కొన్ని ఫైళ్లను కాపీ చేసిన ప్రతిసారీ ఒకే చోట ఆగిపోవడం, డిస్కు ఒకసారి కనిపించి మరొకసారి కనిపించకపోవడం, టిక్ టిక్ మనే శబ్దం పదేపదే రావడం డిస్కు లోపానికి సూచనలు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో బ్యాడ్ బ్లాక్ హెచ్చరికలు నమోదై ఉంటే అనుమానం మరింత బలపడుతుంది.

స్మార్ట్ విలువల పరిశీలన

డిస్కులు తమ ఆరోగ్య స్థితిని స్మార్ట్ అనే వ్యవస్థ ద్వారా తామే నమోదు చేసుకుంటాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాంతో ఈ విలువలను చూడవచ్చు. వీటిలో నాలుగింటిని ముఖ్యంగా గమనించాలి. 5వ అంశం చెడిపోయి మార్చబడిన సెక్టార్ల సంఖ్యను, 197వ అంశం చదవడానికి వీలుకాక వేచి ఉన్న సెక్టార్లను, 198వ అంశం సరిదిద్దలేని సెక్టార్లను తెలుపుతాయి. 199వ అంశం పెరుగుతుంటే ముందుగా కేబుల్‌ను అనుమానించాలి.

ఈ విలువలు బాగున్నంత మాత్రాన డిస్కు క్షేమమని భావించరాదు. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, విఫలమైన డిస్కులలో 56 శాతానికి పైగా నాలుగు ప్రధాన స్మార్ట్ సంకేతాలలో ఏ ఒక్కటీ చూపలేదని తేలింది.

ముందుగా ప్రతి, ఆ తరువాతే పరీక్ష

అనుమానం కలిగిన వెంటనే మూల గణాంకాలను మరొక డిస్కులోకి కాపీ చేయాలి. తిరిగి సంపాదించలేని కొలతలు మొదట, విశ్లేషణ ఫలితాలు తరువాత, ఎప్పుడైనా తిరిగి పొందగల ప్రోగ్రాంలు చివర అనే క్రమాన్ని పాటించాలి. చెక్‌డిస్క్ పూర్తి పరీక్షను కాపీకి ముందు నడపరాదు. అది డిస్కు మొత్తాన్ని చదువుతుంది, ఫైళ్ల అమరికను మారుస్తుంది. క్షీణించిన డిస్కు ఆ శ్రమకు తట్టుకోలేకపోవచ్చు. చదవడంలో దోషాలు ఎక్కువగా ఉంటే డిడిరెస్క్యూ వంటి ప్రోగ్రాంతో డిస్కు మొత్తానికి ప్రతిరూపం తీయడం మేలు. అది బాగున్న భాగాలను ముందు చదివి, చెడిన భాగాలను చివరకు వదిలిపెడుతుంది. టిక్ టిక్ శబ్దం వస్తుంటే కంప్యూటర్‌ను ఆపివేసి నిపుణులకు అప్పగించాలి. డిస్కు మూతను ఎట్టి పరిస్థితిలోనూ తెరవరాదు. లోపలి పళ్లేనికి, చదివే శీర్షానికి మధ్య ఉండే ఎడం నానోమీటర్లలో ఉంటుంది కనుక ధూళి కణం సైతం నష్టం కలిగిస్తుంది.

పునఃస్థాపన ఎప్పుడు?

గణాంకాలు భద్రమైన తరువాత మూడు సందర్భాలు ఎదురవుతాయి. మొదటిది, స్మార్ట్ విలువలు, పూర్తి పరీక్ష రెండూ నిర్దోషంగా ఉండటం. అప్పుడు లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్లు భావించి సిస్టం ఫైళ్లను సరిచేయాలి. ఫలితం లేకపోతే అదే డిస్కుపై పునఃస్థాపన చేయవచ్చు. రెండవది, 199వ విలువ మాత్రమే పెరగడం. అప్పుడు కేబుల్ మార్చి గమనించాలి. పాత లెక్క చెరిగిపోదు, ఇకపై పెరగకుండా ఉంటే చాలు. మూడవది, 5, 197, 198 విలువలు పెరుగుతూ ఉండటం. అప్పుడు కొత్త డిస్కు అమర్చి దానిపైనే ఆపరేటింగ్ సిస్టం స్థాపించాలి. పాత డిస్కును పూర్తిగా ఫార్మాట్ చేస్తే 197వ విలువ సున్నాకు రావచ్చు. దానిని చూసి డిస్కు బాగుపడిందని భ్రమించరాదు.

ముందు జాగ్రత్తలు

ప్రతి ప్రయోగ గణాంకానికి మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనాలలో, ఒకటి వేరొక భవనంలో ఉండాలి. ఒకే బల్లపై ఉన్న రెండు డిస్కులను ఒకే పిడుగుపాటు నాశనం చేయగలదు. పంటకాలానికి ఒకసారైనా ప్రతిలోని ఫైళ్లను తెరిచి సరిచూడాలి. పరికరాల నుండి నేరుగా వచ్చే కొలతలను ఆ రోజే రెండవ చోటికి చేర్చాలి. క్షేత్ర పుస్తకాలను సిద్ధాంత గ్రంథం ఆమోదం పొందిన తరువాత కూడా భద్రపరచాలి. మా ప్రయోగంలో దిగుబడి వివరాలైనా మిగలడానికి అవే కారణం.