ట్యూబ్‌లైటు చల్లగా ఎందుకుంటుంది?

వెలుగుతున్న ట్యూబ్‌లైటును తాకితే గోరువెచ్చగా ఉంటుంది, అంతే. లోపల ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత మాత్రం దాదాపు 10,000 డిగ్రీలు. మరి గాజు ఎందుకు కరగదు? దీనికి జవాబు తెలిస్తే ప్లాస్మా ఉపయోగాలు సగం అర్థమైనట్టే.

వాయువుకు తగినంత శక్తి అందితే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. మిగిలినవి అయాన్లు. ఈ విద్యుదావేశ కణాల కలగలుపే ప్లాస్మా. సూర్యుడిలోనూ మెరుపులోనూ ఉన్నది అదే. ట్యూబులో వాయువు బాగా పలచన. కరెంటు పెట్టగానే తేలికైన ఎలక్ట్రాన్లు ముందు వేగం అందుకుంటాయి. అవి పరమాణువులను ఢీకొన్నా, గోలీకాయ వెళ్లి బండరాయిని కొట్టినట్టే. బండ కదలదు. వేడంతా ఎలక్ట్రాన్ల దగ్గరే ఉండిపోతుంది. దీన్ని శీతల ప్లాస్మా అంటారు.

వస్తువును కాల్చకుండా దాని ఉపరితలాన్ని మాత్రమే మార్చాలంటే ఇలాంటి ప్లాస్మాయే కావాలి. సెల్‌ఫోన్ చిప్‌ల మీద అతి సన్నని గాడులు చెక్కేది ఇదే. అంగోరా కుందేలు ఉన్ని మరీ నున్నగా ఉండి, వడికేటప్పుడు జారిపోతుంది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ ఆ పోగులకు ప్లాస్మాతో కాస్త గరుకుదనం తెచ్చే పద్ధతిని రూపొందించింది. ఉక్కు గేర్లు త్వరగా అరిగిపోకుండా పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించడం మరో ఉపయోగం.

వాయువు పీడనం పెంచితే కథ మారుతుంది. ఢీకొట్టుకోవడాలు లెక్కకు మించి పెరిగి, ఎలక్ట్రాన్ల వేడి అన్ని కణాలకూ పాకుతుంది. ఆసుపత్రి వ్యర్థాలను ఆక్సిజన్ అందకుండా విచ్ఛిన్నం చేసి, వాయువులుగా మార్చే యంత్రాలకు ఈ వేడి ప్లాస్మా పనికొస్తుంది.

తేలికైన కేంద్రకాలను కలిపి శక్తిని రాబట్టే కేంద్రక సంలీనానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి కాబట్టి, అవి కలవాలంటే అయాన్లే సుమారు 15 కోట్ల డిగ్రీలకు వేడెక్కాలి. ఏ పాత్రా దాన్ని తట్టుకోలేదు. అందుకే అయస్కాంత క్షేత్రంతో ప్లాస్మాను గోడలకు తగలకుండా పట్టి ఉంచుతారు. గాంధీనగర్‌లో 1989లో మొదలైన ‘ఆదిత్య’ ఇలాంటి యంత్రమే. ఫ్రాన్స్‌లో కడుతున్న ‘ఐటర్’ సంలీన యంత్రంలోనూ భారత్ భాగస్వామి. దాన్ని చుట్టి ఉండే భారీ శూన్య తొడుగు (క్రయోస్టాట్) భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారయ్యాయి.

సంలీన విద్యుత్తు ఇంకా ఏ ఇంటికీ చేరలేదు. అంతమాత్రాన ఈ పరిశోధనంతా రేపటి కోసమే అనుకోనక్కర్లేదు. ఏ కణానికి ఎంత వేడి ఇవ్వాలో తేల్చుకునే నేర్పు ఈపాటికే కర్మాగారాల్లో పనిచేస్తోంది.