గద్ద మళ్ళీ అక్కడే వచ్చింది!

పిల్లలూ! ఈనాడు మీరు చేతిలో ఇమిడే ఫోనులో రకరకాల ఆటలు ఆడుతున్నారు. మీ తల్లిదండ్రులు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఇటువంటి ఆటకు ఒక పెట్టె, ఒక క్యాసెట్టు, ఇంట్లో టీవీ కావలసివచ్చేవి. ఆ పెట్టెలలో పేరుపడ్డది జపానులోని నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫామికామ్. మన దేశంలో దాన్ని సమురాయ్ అనే పేరుతో అమ్మారు. దాన్ని పోలిన నకలు పెట్టెలు ఇంకా ఎక్కువగా వచ్చాయి.

ఈ పెట్టె కోసం 1988లో టెక్మో కంపెనీ ఒక ఆట తయారుచేసింది. మరుసటి ఏడు అది ‘నింజా గైడెన్’ అనే పేరుతో అమెరికా చేరింది. నింజాలంటే పూర్వం జపానులో రాజుల తరఫున రహస్యాలు సేకరించిన వేగులవాళ్ళు. ఈ ఆటలో ర్యూ అనే యువకుడి తండ్రి ద్వంద్వయుద్ధానికి వెళ్ళి తిరిగిరాడు. తండ్రి వదిలిన ఉత్తరం చదువుకుని, వంశపారంపర్యంగా వచ్చిన కత్తి తీసుకుని, ర్యూ అమెరికా బయలుదేరతాడు. ఆటలో ఆరు అంకాలున్నాయి. నడుమ నడుమ కథ సినిమాలాగా బొమ్మలతో నడుస్తుంది.

1990ల నడుమ నేను మెట్‌పల్లిలో పంతులుగా ఉన్నాను. ఆ ఊరు అప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి జగిత్యాల జిల్లాలో ఉంది. నా తరగతిలో ఒక కుర్రవాడి తండ్రి దుబాయిలో పనిచేసేవాడు. ఆయన సెలవుకు వచ్చినప్పుడు ఈ పెట్టె తెచ్చి ఇచ్చి, మళ్ళీ వెళ్ళిపోయాడు. కుర్రవాడు బడికి రావటం మానేశాడు. పది రోజులు చూసి, కోపంగా వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

తెరమీద ర్యూ ఒక గుంట దాటబోయాడు. ఎక్కణ్ణించో గద్ద వచ్చి తన్నింది. ర్యూ వెనక్కు ఎగిరి గుంటలో పడ్డాడు. కుర్రవాడు విసుక్కోలేదు. పక్కనున్న నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

‘‘ఏం రాస్తున్నావురా?’’ అని అడిగాను.

‘‘ఈ గద్ద ఎప్పుడైనా ఈడనే వస్తది సార్. ఉరుకులాడితే సస్తం. జర ఆగి, కత్తితోని కొట్టి దుంకాలె,’’ అన్నాడు వాడు.

వాడు చెప్పినది నిజమే. ఆ పెట్టె పని చేసేటప్పుడు గుర్తుంచుకోగలిగినది 2,048 బైట్లు మాత్రమే. ఇంగ్లీషు అక్షరాలైతే ఇంచుమించు ఒక పేజీ. దానికి సొంత ఆలోచన లేదు. ఏ చోట గద్ద రావాలో క్యాసెట్టులో ముందే రాసి ఉంటుంది. ఆ చోటు తెరమీదికి రాగానే గద్ద వస్తుంది. కొంచెం వెనక్కు వెళ్ళి తిరిగి వస్తే, చచ్చిన గద్ద కూడా మళ్ళీ వస్తుంది! కనక ఓపికగా గమనించినవాడే గెలుస్తాడు. ఓపిక చాలా కావాలి. ఆరో అంకం చివరి శత్రువు చేతిలో ఓడితే, ఆ అంకం మొదటినుంచి ఆడవలసిందే.

నేను నోటుబుక్కు పేజీ తిప్పాను. అంతా ఇంగ్లీషు మాటలు!

‘‘అవి ఉత్తరంల మాటలు సార్. తెరమీద ఆగకుంట పోతయి. మళ్ళమళ్ళ పెట్టుకుని రెండేసి మాటలు రాసుకుంటున్న. వాళ్ళ బాపు ఏం రాసిండో తెల్వాలె గద!’’

పిల్లలూ, తరగతిలో ఇంగ్లీషు రాదని వీణ్ణి అందరి ఎదుటా ‘మొద్దు’ అన్నవాణ్ణి నేనే. నాకు సిగ్గు వేసింది. వాడితో ఆ మాటే చెప్పాను. ‘‘రేపటినుంచి బడికి రా. ఆట సాయంత్రం ఒక గంట. ఈ నోటుబుక్కు తీసుకురా, ఉత్తరం ఇద్దరం కలిసి చదువుదాం,’’ అన్నాను.

వాడు వచ్చాడు. పోయిన లెక్కల పాఠాలు అందుకోవటానికి నెల పట్టింది. ఆటలో గడిపిన పది రోజుల వెల అది. ఉత్తరం మాత్రం వారంలో పూర్తి అయింది.

అంతవరకు దుబాయికి పోయే కవరుమీద చిరునామా ఎవరో ఒకరు రాసిపెట్టేవారు. ఆ నెల వాళ్ళ బాపుకు పంపిన కవరుమీద ఇంగ్లీషు చిరునామా వాడే రాశాడు. ఒక్క తప్పు కూడా లేదు.