హడ్సన్స్ వారి కోటు

దీపావళి సంచికకి ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు ఫోన్ చేసినప్పుడు, "నా దగ్గర ఏముందండీ, ఉక్కూ కాంక్రీటూ తప్ప" అన్నాను. వృత్తిరీత్యా నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. "అయితే ఏదో ఒక కట్టడం గురించే వ్రాయండి" అన్నారు. సరే, నేను ఈ ఊరు రాకముందే కూలిపోయిన ఒక కట్టడం గురించి వ్రాస్తున్నాను.

నేను డెట్రాయిట్ వచ్చింది 2003లో. అప్పటికి డౌన్‌టౌన్ నడిబొడ్డున, ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద, ఒక బ్లాకు బ్లాకంతా ఖాళీ. నేలకింద కార్ల పార్కింగు, పైన మొండి ఉక్కు స్తంభాలు. మన ఊళ్ళలో పై అంతస్తు తర్వాత వేద్దామని డాబా మీద ఊచలు వదిలేస్తారు చూడండి, అచ్చు అలాగే. ఇక్కడేముండేదని ఆఫీసులో ఎవరినడిగినా "హడ్సన్స్" అనేవారు. ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గేది. బట్టల కొట్టు గురించి ఇంత దిగులేమిటా అనుకున్నాను.

నిరుడు మన డాక్టరు పిన్నిగారు ఇల్లు అమ్మి కొడుకు దగ్గరకి వెళ్ళిపోతుంటే సామాను సర్దడానికి వెళ్ళాను. (మీలో చాలామందికి ఆవిడ తెలుసు. పేరు మాత్రం వేయవద్దన్నారు.) బీరువా అడుగున ముదురు నీలం ఉన్ని కోటొకటి దొరికింది. దానం ఇచ్చే సంచిలో వేయబోతే గబుక్కున లాక్కున్నారు.

"అది కాదు నాయనా, అది హడ్సన్స్ వారి కోటు."

గుంటూరులో మెడిసిన్ చదివి, 1971 జనవరిలో ఇక్కడ దిగారట ఆవిడ. చీర మీద ఎవరో ఇచ్చిన స్వెట్టరు. మొదటి జీతం రాగానే ఆసుపత్రిలో ఒక నర్సు బస్సెక్కించి హడ్సన్స్‌కి తీసుకువెళ్ళింది. లిఫ్టు నడిపే ఆవిడ అంతస్తు అంతస్తుకీ అక్కడేం దొరుకుతుందో పాటలాగా చెప్పేదట. చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని నుంచున్న ఈ అమ్మాయికి అమ్మకాలావిడ పన్నెండు కోట్లు తొడిగి చూసింది, ఒక్కసారీ విసుక్కోలేదు. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే వదులు. పది రోజుల తర్వాత భయంభయంగా పట్టుకెళ్తే బిల్లు కూడా అడగకుండా మార్చి ఇచ్చారట. "ఈ దేశంలో నన్ను 'మేడమ్' అని మొదట పిలిచింది అక్కడేనోయ్" అన్నారు.

ఆ మర్యాద ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత చదివితే తెలిసింది. స్థాపకుడు జోసెఫ్ లోథియన్ హడ్సన్ కూడా మనలాగే వలసవచ్చినవాడు, ఇంగ్లండులో పుట్టినవాడు. 1870ల మాంద్యంలో దివాళా తీసి, అప్పిచ్చినవారికి డాలరుకి అరవై సెంట్ల చొప్పున ఇచ్చి బయటపడ్డాడు. చట్టప్రకారం అంతటితో సరి. 1881లో డెట్రాయిట్ ఆపెరా హౌస్ భవనంలో మగవారి బట్టల కొట్టు పెట్టాడు. కాస్త నిలదొక్కుకున్నాక, 1888లో, పాత అప్పులవారిని ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని మిగతా డబ్బు వడ్డీతో సహా చెల్లించాడు. ఈ రోజుల్లో ఇది కట్టుకథలా వినిపిస్తుంది.

1912లో ఆయన పోయాక మేనల్లుళ్ళు నడిపారు. భవనం ముక్కలు ముక్కలుగా, దశాబ్దాల పాటు పెరుగుతూ పోయింది: 400 అడుగులు దాటిన ఎత్తు, 20 లక్షల చదరపు అడుగులకి పైన వైశాల్యం. ప్రపంచంలోకెల్లా ఎత్తైన డిపార్ట్‌మెంటు స్టోరు అదే. థాంక్స్‌గివింగ్ రోజున మనం పిల్లల్ని భుజాలకెక్కించుకుని చూసే పెరేడు కూడా 1924లో హడ్సన్స్ వారు మొదలుపెట్టిందే.

మరి ఎందుకు మూతపడింది? చాలామంది 1967 అల్లర్ల వల్ల అంటారు. అల్లర్ల దెబ్బ నిజమే, కాని అసలు కథ అంతకు ముందే మొదలైందని నా అభిప్రాయం. జనం సబర్బులకి తరలడం చూసి, హడ్సన్స్ వారే ఎయిట్ మైల్ రోడ్డు అవతల, సౌత్‌ఫీల్డులో, విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్టు చేత 1954లో నార్త్‌లాండ్ షాపింగ్ సెంటరు కట్టించారు. కావలసినంత పార్కింగు, మధ్యలో హడ్సన్స్ వారి కొత్త కొట్టు. వ్యాపారంగా చూస్తే తప్పు పట్టలేం. కాని దుంగ మీద కూర్చుని అదే దుంగని కోసుకున్నట్టయింది. 1950లో పద్దెనిమిదిన్నర లక్షలున్న డెట్రాయిట్ జనాభా 1980 నాటికి పన్నెండు లక్షలైంది.

ఈ లెక్కలన్నీ పిన్నిగారికి ఉత్సాహంగా చెబుతుంటే మధ్యలో ఆపేశారు.

"అవన్నీ ఎందుకోయ్. మేం 1974లో సౌత్‌ఫీల్డులో ఇల్లు కొనుక్కున్నాం. నార్త్‌లాండ్ పది నిమిషాలు. డౌన్‌టౌన్ అంటే మీ బాబాయిగారు భయపడేవారు. ఏడాదికోసారి, క్రిస్మసు దీపాలు చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళం. తర్వాత అదీ మానేశాం. మూసేస్తున్నారని పేపర్లో చదివి నేను ఏడిస్తే, 'నువ్వు అక్కడ ఆఖరున ఏం కొన్నావే?' అని అడిగారాయన. జవాబు చెప్పలేకపోయాను."

డౌన్‌టౌన్ కొట్టు 1983 జనవరి 17న మూశారు. పదిహేనేళ్ళు పాడుబడి ఉన్నాక 1998 అక్టోబరు 24న, దీపావళి వెళ్ళిన వారంలోపే, పేలుడు మందు పెట్టి కూల్చారు. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. రెండువేల ఏడువందల పౌన్ల మందు, అన్ని ముక్కలుగా కట్టిన భవనం, ఇరుకు వీధులు. పక్కనున్న పీపుల్ మూవర్ పట్టాలు దెబ్బతిన్నా, ఇంజనీరుగా చూస్తే మెచ్చుకోవలసిన పనే. పిన్నిగారు మాత్రం ఇప్పటికీ చూడలేదు.

ఆ పేరు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1969లో మినియాపోలిస్ వారి డేటన్స్‌తో కలిసి డేటన్ హడ్సన్ అయింది. ఆ కంపెనీ 2000లో తన పేరు మార్చుకుంది. కొత్త పేరు టార్గెట్, మన పిల్లలు వారం వారం వెళ్దామని గోల చేసే టార్గెట్టే. మాల్స్‌లో మిగిలిన హడ్సన్స్ కొట్లు 2001లో మార్షల్ ఫీల్డ్స్, 2006లో మేసీస్ అయ్యాయి. నార్త్‌లాండ్ కూడా 2015లో మూతపడింది.

ఆ ఖాళీ స్థలంలో 2017 డిసెంబరులో పనులు మొదలుపెట్టి పాతదానికంటే చాలా ఎత్తైన టవరు కట్టారు. పేరు మళ్ళీ హడ్సన్స్ అనే పెట్టారు. ప్రయాణానికి రెండు రోజుల ముందు పిన్నిగారిని అక్కడికి తీసుకువెళ్ళాను. ఎండగానే ఉంది, అయినా కోటు వేసుకునే వచ్చారు. తలెత్తి టవరుని ఒక్కసారి చూసి, ఫార్మర్ స్ట్రీటు వైపుకి నడిచారు. తమ బస్సు ఆగే చోటు, తాము లోపలికి వెళ్ళిన తలుపు ఎక్కడో గుర్తుపట్టాలని కాసేపు అటూ ఇటూ తిరిగారు. దొరకలేదు.

"చలిగా ఉంది, పద" అన్నారు.