పదివేల సార్లు గాలం వేస్తే ఒక్క చేప!



1955 జూలైలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, లీచ్ లేక్ అనే పెద్ద సరస్సులో ఒక వింత జరిగింది. ఎవరి గాలానికీ సులభంగా చిక్కని మస్కెలంజ్ అనే చేపలు ఆ వేసవి రోజుల్లో ఒకదాని తరువాత ఒకటి చిక్కసాగాయి. వార్త తెలిసి జనం గాలాలు పట్టుకుని పరుగెత్తారు. పట్టిన చేపలను వరుసగా వేలాడదీసి, పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. ఆ ఫొటోల్లో వేలాడుతున్న చేపలు మరి నీటిలోకి వెళ్ళలేదు.

ఈనాడు అదే రాష్ట్రంలో ఆ చేపను పట్టినవారిలో చాలామంది దాన్ని కొలిచి, ఒక ఫొటో తీసుకుని, తిరిగి నీటిలో వదిలేస్తున్నారు. అంత కష్టపడి పట్టిన చేపను ఎందుకు వదలాలి? రండి, తెలుసుకుందాం.

ఎవరీ మస్కీ?

మస్కెలంజ్‌ను అక్కడివారు ముద్దుగా ‘మస్కీ’ అంటారు. శాస్త్రీయ నామం ఈసాక్స్ మాస్క్వినాంగీ. ఉత్తర అమెరికాలోని మహాసరస్సులు, సెయింట్ లారెన్స్ నది, ఒహాయో నది, మిసిసిపీ ఎగువ ప్రాంతం దీని సొంత ఊళ్ళు. పొడవాటి శరీరం, బాతు ముక్కులాంటి మూతి, నోటి నిండా సూదుల్లాంటి పళ్ళు. నీటి మొక్కల చాటున కదలకుండా పొంచి ఉండి, దగ్గరకు వచ్చిన చేప మీదికి బాణంలా దూకుతుంది. ఎంత అరుదుగా చిక్కుతుందంటే, దీనికి ‘పదివేల విసుర్ల చేప’ అని పేరు వచ్చింది.

మన చెరువుల్లో కొర్రమీను కూడా ఇలాగే పొంచి ఉంటుంది. కాని ఒక తేడా ఉంది. కొర్రమీను తన పిల్లల గుంపు వెంట ఉండి కాపలా కాస్తుంది. మస్కీ వసంతకాలంలో లోతు తక్కువ నీటిలో గుడ్లు చల్లి వెళ్ళిపోతుంది. వాటికి కాపలా ఎవరూ ఉండరు.

ఒక్క చేప పోతే ఏమవుతుంది?

పెద్ద ఆడ మస్కీ ఒక్కసారికి లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. ‘అయితే సరస్సు నిండిపోవాలి కదా, మాస్టారూ!’ అని మీరు అడగవచ్చు. గుడ్లలో చాలా భాగం పాడైపోతాయి. బయటపడిన పిల్లలను ఇతర చేపలు తినేస్తాయి. నార్తర్న్ పైక్ అనే దాయాది చేప మస్కీ కంటే ముందే గుడ్లు పెడుతుంది. అందుచేత మస్కీ పిల్లలు కళ్ళు తెరిచేసరికి పైక్ పిల్లలు వాటిని మింగేంత పెరిగి ఉంటాయి. చివరకు మిగిలేవి అతి కొద్ది.

అలా మిగిలిన ఆడ పిల్ల గుడ్లు పెట్టే వయసుకు రావడానికి సుమారు 4 నుండి 6 సంవత్సరాలు పడుతుంది. ఆ తరువాత కొన్ని 25, 30 ఏళ్ళు కూడా బ్రతుకుతాయి. చాలా సరస్సుల్లో ఎకరం నీటికి ఒక్క పెద్ద మస్కీ కూడా ఉండదు. కనుక ఒక పెద్ద ఆడచేపను ఇంటికి తీసుకుపోతే, మళ్ళీ అంతటి చేప తయారు కావడానికి పదేళ్ళకు పైగా పట్టవచ్చు.

చేప వయసు ఎలా తెలుస్తుందని మీకు సందేహం రావచ్చు. మొప్పల వెనుక ఉండే ఒక ఎముకలో, చెట్టు మానులో వలయాల్లాగా, ఏడాదికొక గీత ఏర్పడుతుంది. చలికాలంలో పెరుగుదల మందగించడమే దానికి కారణం. చనిపోయిన చేపల ఎముకల్లోని ఆ గీతలు లెక్కపెట్టి, ఏ నీటిలో చేప ఏ వయసుకు ఎంత పెరుగుతుందో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు.

కొలబద్దతో కాపలా

ఈ లెక్కల ఆధారంగానే నియమాలు వచ్చాయి. మొదటిది కాలం. మిన్నెసోటాలో గుడ్లు పెట్టే రోజులు దాటాక, జూన్ మొదటి శనివారం నాడు గాని మస్కీ వేట మొదలు కాదు. రెండవది కనీస పొడవు. అక్కడ 2015 నుండి చాలా సరస్సుల్లో 54 అంగుళాలకు తక్కువ ఉన్న మస్కీని ఉంచుకోరాదు. పొరుగున ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రంలో చాలా చోట్ల 40 అంగుళాలు, కొన్ని చోట్ల 50. మూడవది సంఖ్య. విస్కాన్సిన్‌లో రోజుకు ఒక్క మస్కీకి మించి ఉంచుకోరాదు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట ఆపేస్తారు కదా! చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని వదిలిపెట్టాలన్న సూత్రం ఇక్కడా అదే.

అయితే కొలబద్ద ఒక్కటే చాలదు. మిన్నెసోటా వారు ఒకప్పుడు షూప్యాక్ అనే సరస్సు చేపల సంతతిని పెంచి ఇతర సరస్సుల్లో వదిలారు. ఎంత కాపాడినా ఆ చేపలు పెద్దగా పెరగలేదు. పెరిగే గుణం వాటి వంశంలోనే తక్కువని తేలింది. అందుచేత 1980ల మొదట్లో లీచ్ లేక్ సంతతికి మారారు. 1955లో వేలాడదీసిన ఆ చేపల వంశమే ఇప్పుడు ఎన్నో సరస్సులకు విత్తనమయింది!

వదిలితే సరిపోతుందా?

1966లో గిల్ హామ్ అనే ఆయన మిన్నెసోటాలో ‘మస్కీస్ ఇన్‌కార్పొరేటెడ్’ అనే సంఘాన్ని స్థాపించారు. పట్టిన మస్కీని వదిలిపెట్టే అలవాటును ఈ సంఘం ప్రచారం చేసింది. కాని వదిలిన చేప ఈదుకుంటూ వెళ్ళినంత మాత్రాన బ్రతికినట్లు కాదు. మరునాడు చనిపోవచ్చు.

కారణం మీకు తెలిసినదే. కబడ్డీలో కూతకు వెళ్ళి, పెనుగులాడి, గీత దగ్గర పడిపోయారనుకోండి. సరిగ్గా అప్పుడే ఎవరైనా మీ ముక్కూ నోరూ మూస్తే? గాలానికి చిక్కి పెనుగులాడిన చేపను గాలిలోకి ఎత్తడం అటువంటిదే. దాని కండరాల్లో అప్పటికే లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఉంటుంది. నీరు లేక మొప్పలు ముడుచుకుపోతాయి. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. అందుకే ఎండలు ముదిరి నీరు 27 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు తెలిసినవారు మస్కీ జోలికి పోరు.

వారు పాటించే పద్ధతులు చూడండి. పెనుగులాట త్వరగా ముగియడానికి గట్టి దారం వాడతారు. పెద్ద వలలో చేపను నీటిలోనే ఉంచి, పొడవాటి పటకారుతో గాలం తీస్తారు. ఒంటి మీది జిగురు పొర ఊడకుండా చేతులు తడుపుకుంటారు. దవడ పట్టి వేలాడదీయరు. నీటిలో తేలే శరీరం బరువంతా అప్పుడు వెన్నెముక మీద పడుతుంది. రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, క్షణాల్లో ఫొటో తీసి, తానుగా ఈదిపోయేదాకా నీటిలో ఆనించి ఉంచుతారు.

ఇప్పుడు మీరు ఒక పని చేయండి. సుద్దముక్కతో నేల మీద 54 అంగుళాల గీత గీయండి. అంటే సుమారు 137 సెంటీమీటర్లు. మీ తరగతిలో ఎంతమంది అంతకంటే పొడవున్నారో చూడండి. తరువాత ఒక్క క్షణం ఆలోచించండి. సరస్సు నడుమ ఆ పడవ దగ్గర అధికారి ఎవరూ ఉండరు. చట్టం చేపను నీటిలో వదలమని చెప్పగలదు. ప్రాణంతో వదలడం మాత్రం పట్టిన చేతుల్లోనే ఉంది.